నాన్న చూడని రేసు

పోయిన ఆదివారం నాటింగ్‌హామ్‌లో ఉండే మా మేనకోడలు తన కూతురిని స్కీయింగ్ నేర్పించడానికి తీసుకెళ్లి, ఆ పిల్ల పడుతూ లేస్తూ జారుతుంటే ఫోన్‌లో లైవ్ పెట్టింది. హైదరాబాద్ చుట్టాల దగ్గర్నుంచి లండన్ ఈస్ట్ హామ్‌లో షాపు నడిపే మా బావగారి వరకు అందరూ ఎక్కడివాళ్లు అక్కడే చూసి చప్పట్ల బొమ్మలు పంపారు. నేనూ పంపాను. ఆ తర్వాత ఫోన్ బోర్లా పెట్టేశాను. ఒకప్పుడు నేను అదే ఉద్యోగంగా బతికినదాన్ని, మా నాన్న మాత్రం మంచు మీద నా రేసు ఒక్కటంటే ఒక్కటి కూడా చూడలేదు.

చిన్నప్పుడు డాక్టర్ల పిల్లలుగా ఈ బ్రిటన్‌కి వచ్చిన నా ఈడువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, మన ఇళ్లలో పండగలు పంచాంగం ప్రకారం కాక ఆసుపత్రి డ్యూటీల రోటా ప్రకారం వచ్చేవి. నాన్న ఎడిన్‌బర్గ్‌లో మత్తు డాక్టరు. మా ఫ్లాట్ నుంచి బస్సెక్కితే ఊరి చివర కొండ మీద ప్లాస్టిక్ బ్రష్షులు పరిచిన వాలు ఒకటి ఉండేది, మంచు అక్కర్లేకుండానే దాని మీద స్కీయింగ్ నేర్పేవారు. పడితే మోచేతులు చెక్కుకుపోయేవి, అమ్మ పసుపు రాస్తూ తిట్టేది. నన్ను శనివారం పొద్దున్నే అక్కడికి తీసుకెళ్లడం కోసం నాన్న బదులుగా తోటి డాక్టర్లందరి క్రిస్మస్ డ్యూటీలూ నెత్తిన వేసుకునేవారు. స్కీల అడుగున మైనం కరిగించి పూయాలని ఎవరో చెబితే నాన్న అమ్మ ఇస్త్రీపెట్టెతోనే ఆ పని కానిచ్చారు. మర్నాడు ఆవిడ పట్టుచీర సంగతి ఏమైందో మీరే ఊహించుకోండి, ఆ వారమంతా మా ఇంట్లో మాటల్లేవు.

అలా అలా నేను బ్రిటన్ స్కీ టీములోకి వెళ్లి, చలికాలాలన్నీ ఆస్ట్రియా కొండల్లో గడపడం మొదలుపెట్టాను. కాలేజీ వదిలేశానని తెలిసి తెలుగు ఆంటీలు బాగా బెంగపడ్డారు. ఒకావిడైతే నా చెయ్యి పట్టుకుని, “జారితే జీతమిస్తారా తల్లీ?” అని నిజంగానే జాలిగా అడిగింది. ఇచ్చేవారు, కానీ చాలా కొంచెం. నేనేమీ గొప్ప రేసర్ని కాను, అబద్ధమెందుకు, ఫలితాల్లో నా పేరు అడుగు నుంచి వెతుక్కుంటేనే తొందరగా దొరికేది. చలికాలం ఆసుపత్రుల్లో ఊపిరాడని కాలం కాబట్టి నాన్నకు సెలవు దొరకడం కల్ల. వచ్చే ఏడాది చూద్దాంలే అనుకుంటూ ఇద్దరం ఏళ్లు గడిపేశాం.

చివరికి ఒక ఏడాది కుదిరింది. నాన్న డిపార్ట్‌మెంట్‌లోనే పనిచేసే ఒక తెలుగు డాక్టరుగారు శని, ఆదివారాలు తాను చూసుకుంటానన్నారు, బదులుగా సోమవారం ఆయన డ్యూటీ నాన్న చెయ్యాలి, ఆ రోజు వాళ్ల పాపకు అన్నప్రాశన. నాన్న అరువు తెచ్చుకున్న పొడుగాటి కోటుతో, అమ్మ చేసిచ్చిన అరిసెల డబ్బాతో ఆస్ట్రియాలో దిగారు. రేసు జరగాల్సిన ఆదివారం తెల్లారేసరికి కొండంతా పొగమంచు, పక్కనున్న మనిషి కనబడడు. మధ్యాహ్నం దాకా చూసి రేసు సోమవారానికి మార్చారు.

నేను ఏడ్చినంత పని చేశాను. ఆ డాక్టరుగారికి ఫోన్ చేసి అడగండి నాన్నా, ఒక్కరోజే కదా అన్నాను. ఆయన హోటల్ వరండాలో ఉన్న ఫోన్ వైపు కాసేపు చూశారు. “ఆ పాప అన్నప్రాశన కూడా ఒక్కసారే కదమ్మా, చుట్టాలంతా వచ్చేసి ఉంటారు” అని, నా తల నిమిరి, సాయంత్రం విమానానికి వెళ్లిపోయారు.

సోమవారం ఎండ విరగకాసింది. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ స్కీ చెయ్యలేదు, ఆ తర్వాతా చెయ్యలేదు. నా పేరు మొదటివాళ్ల సరసన చూసి టీమువాళ్లే నమ్మలేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే నాన్న ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నారు, కబురు నర్సుతో చెప్పాల్సి వచ్చింది. మరుసటి చలికాలం నా మోకాలు విరిగింది, అక్కడితో సరి. ఎవరినీ తప్పు పట్టలేను, ఆ డాక్టరుగారిని గానీ, అన్నం ముట్టిన ఆ పసిపిల్లని గానీ. అయినా ఇన్నేళ్లయినా బాధ తగ్గలేదు.

నాన్న మంచాన పడ్డ ఏడాది, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆ రేసు ఎలా జరిగిందో చెప్పమన్నారు. రేసర్లకొక అలవాటుంది, దిగబోయే ముందు కళ్లు మూసుకుని, అరచేతిని గాల్లో అటూ ఇటూ వాలుస్తూ దారిలో వచ్చే మలుపులన్నీ మనసులోనే తిరిగి వస్తాం. నేను ఆయన పక్కన కుర్చీ వేసుకుని అలాగే మొదలుపెట్టాను, ఆయన కూడా కళ్లు మూసుకున్నారు. ఇక్కడ నిటారుగా దిగుడు నాన్నా, ఇక్కడ ఎడమకి, ఇక్కడ ఐసు గట్టిగా ఉంది అంటూ సగం దాకా వచ్చాక చెయ్యి ఆగిపోయింది. తర్వాతి మలుపు ఎటో గుర్తు రాలేదు. ఏదో ఒకటి కల్పించినా ఆయనకు తెలిసేది కాదు, కానీ మనసొప్పలేదు. అంతవరకే గుర్తుంది నాన్నా అన్నాను.

“పర్లేదులే తల్లీ, అక్కడిదాకా చూశాను కదా” అన్నారు, కళ్లు తెరవకుండానే.

ఇప్పుడైతే పిల్లలు జారిన ప్రతి జారుడూ ఎవరో ఒకరి ఫోన్‌లో భద్రంగా ఉంటోంది, అమ్మానాన్నలు ఏ డ్యూటీలో ఉన్నా తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చు. ఆ సోమవారం నాటి రేసును మాత్రం ఎవరూ వీడియో తీసి పెట్టలేదు. నాన్నకు చూపించిన ఆ పై సగం దారి నా ఒక్కదాని దగ్గరే ఉంది, ఈమధ్య కళ్లు మూసుకుంటే అందులోనూ కొన్ని మలుపులు కనబడటం లేదు.