సాలీడు మోసిన గుండీ

ఆదివారం ఉదయం, ప్రొద్దుటూరు. ఉన్నవాళ్లు: నేను, మనవరాలు.

తను దగ్గరగా తీసిన సాలీడు ఫోటో చూపించింది. పొట్ట కింద తెల్లటి బిళ్ళ ఉంది. జమ్మలమడుగులో మా ఇల్లు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. నా బడిచొక్కా గుండీ ఊడిపోయింది. గోడ మీది సాలీడు దాన్నే ఎత్తుకుపోతోందనుకుని చీపురుతో కొట్టాను. దాని కాలొకటి తెగింది, బిళ్ళ నేలమీద పడింది. సాలీడు పారిపోలేదు. దిగివచ్చి బిళ్ళను మళ్ళీ పట్టుకుంది. నేనూ మళ్ళీ చీపురెత్తాను.

"ఏందిరా చేస్తాండావు?" అంది అమ్మ.

"నా గుండీమా. అది లేకుండా బడికి పోతే అయ్యోరు కొడ్తాడు."

"దానికి చొక్కా ఉందేంరా, గుండీ పెట్టుకునేదానికి? ఆ బిళ్ళలో ఉండేయి దాని గుడ్లు."

చీపురు దించాను. పట్టుదలలో అది నన్ను మించినదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

మరునాడు పొద్దున చొక్కాకు పిన్నీసు పెట్టుకుని బడికి బయలుదేరాను. గోడ మీద సాలీడు ఏడు కాళ్లతో బిళ్ళను మోస్తూనే ఉంది.