ఉప్పు మళ్ళ దగ్గరి టీచరమ్మ

నౌపడ ఉప్పు మళ్ళ పక్కనున్న కూలీల కాలనీలో ప్రిస్కిల్లా ఇరవై ఏళ్ళుగా అంగన్‌వాడీ టీచరు. చేరిన కొత్తలో పిల్లల్ని ఎవరూ పంపేవారు కాదు. తల్లులు తమ వెంట మళ్ళకే తీసుకుపోయేవారు. ఆమె రోజూ పొద్దున్నే గట్ల మీద నడిచి వెళ్ళి, ఒక్కొక్కరినీ బతిమాలి, పిల్లల్ని కేంద్రానికి తెచ్చుకునేది.

మొన్న సర్వే ఆఫీసరు వచ్చాడు. కేంద్రం గురించి జనం ఏమనుకుంటున్నారో రాసుకోవాలట. కాలనీ వాళ్ళని కేంద్రంలో కూర్చోబెట్టి, టీచరు ఎదురుగా ఉంటే మొహమాటపడతారని ఆమెను కాసేపు బయట ఉండమన్నాడు. ప్రిస్కిల్లా మనసులో ప్రార్థన చేసుకుంటూ వరండాలో నిలబడింది. లోపలి మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి.

ముందుగా లేచింది ఉప్పు కూలీ సుభద్రమ్మ. "ఫ్యాను తిరగదు బాబూ. గుడ్లు సిన్నవి. అది మీ పైవోల్లకి సెప్పండి."

"మరి టీచరు?"

"మా సుహాసినికి మూడేల్లొచ్చినా మాట రాలేదు. మూగదనుకున్నాం. పిల్లకి ఇనబడతన్నట్టు లేదని కనిపెట్టింది ఈ టీచరమ్మే. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి పదకొండుసార్లు తీసుకెల్లి సెవి మిషను పెట్టించింది. ఇప్పుడది పదో తరగతి సదవతన్నాది. దాని నోరు మూయించలేక సస్తన్నాం!"

అందరూ నవ్వారు. "అయితే టీచరుకి ఎన్ని మార్కులు వేయమంటారు?" అన్నాడు ఆఫీసరు.

"ఎన్నుంటే అన్నీ ఎయ్యి బాబూ!" అని వెనకనుంచి నలుగురైదుగురు ఒక్కసారే అరిచారు.

ప్రిస్కిల్లా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. లోపలికి పిలిచినప్పుడు, రోజూ హడావిడిగా దాటే ఆ గడపని నిదానంగా, తలెత్తుకుని దాటింది.