నూటికి ముప్ఫై పాళ్లు

పెళ్లైన కొత్తలో గొడుగు తీసుకెళ్లనా అని మా ఆయన్ని అడిగితే, "వాన పడడానికి నూటికి నలభై పాళ్లు" అన్నారు. ఒళ్లు మండింది. తుపానుల ప్రొఫెసరును కట్టుకుని అవునో కాదో అన్న మాటకు కూడా నోచుకోలేదని అందరికీ చెప్పుకుని నవ్వేదాన్ని. విద్యార్థులు చాటుగా ఆయన్ని 'నూటికింత సారు' అనేవారు.

వేడెక్కిన సముద్రం మీద తుపాను ఉన్నట్టుండి ఎందుకు చెలరేగుతుందన్నదే ఆయన జీవితకాలపు పరిశోధన. క్లాసులో బోర్డు మీద గరాటు గీసి, తుపాను ఇందులో ఎటైనా పోవచ్చనేవారు. "మన పని లెక్క చెప్పడం. వెళ్లాలో ఉండాలో వాళ్లే తేల్చుకుంటారు" అని ప్రతి ఏడూ కొత్తవాళ్లకు నూరిపోసేవారు.

ఆయన చెల్లెలికి రేవు పక్కనే దర్జీ కొట్టు, వెనకే ఇల్లు. సముద్రంలో తుపాను పుట్టిందని తెలిసి పొద్దున్నే ఫోన్ చేసింది.

"అన్నయ్యా, బడిపిల్లల యూనిఫారాలు గుట్టగా పడున్నాయి. మీ ఇంటికొచ్చేయనా, ఉండనా? ఒక్క ముక్క చెప్పు."

"మీవైపు రావడానికి నూటికి ముప్ఫై పాళ్లు."

"అంటే డెబ్బై పాళ్లు రాదనేగా! అయితే కుట్టుకుంటా."

ఆయన ఫోన్ పెట్టేశాక, "వచ్చేయమనలేకపోయారా? చెల్లెలికి కూడా పాఠమేనా?" అన్నాను.

"లేనిది ఉన్నట్టు చెప్పమంటావా?"

నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. "మా అన్నయ్య కంటే నీకెక్కువ తెలుసా వదినా!" అని నవ్వేసింది.

తుపాను ఉన్నట్టుండి బలపడి రేవు మీదికే వచ్చింది. కొట్టు లేదు, ఇల్లు లేదు, మా ఆడపడుచు లేదు.

కర్మకాండలయ్యాక ఆయన కాలేజీకి వెళ్లారు. మన అంచనా తప్పిందా సార్ అని క్లాసులో ఎవరో అడిగారట. "తప్పలేదు. ముప్ఫై పాళ్లన్నాం, వచ్చింది" అన్నారట. ఇంటికొచ్చి అదే మాట నాకు చెప్పి, చెప్పులైనా విప్పకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నారు. లెక్క తప్పయి ఉంటే తనను తాను తిట్టుకునైనా తేరుకునేవారు. ఆయనకు ఆ దారి కూడా లేదు.

ఇప్పుడు నేను గుమ్మం దాటబోతే చాలు, అడక్కుండానే "గొడుగు తీసుకెళ్లు" అంటారు. మాడు పగిలే ఎండలోనూ అదే మాట.

"మబ్బు తునక లేదు కదండీ" అన్నాను ఒకసారి.

"తీసుకెళ్లవే" అన్నారు. గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టారు.

తీసుకెళ్తున్నాను.