మరచెంబు మూత

కారు ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గును వంకరగా పెట్టి, స్పానరుతో బలవంతంగా తిప్పి, దాని రంధ్రంలోని మరలన్నీ నేనే చెడగొట్టాను. ఇంజన్ పైభాగం, హెడ్డంతా విప్పాల్సిందే అన్నాడు మెకానిక్కు. నేను మొండికేసి, కర్నూల్లో కొత్త మరలు వేసే కిట్టు కొనుక్కుని నందికొట్కూరు బస్సెక్కాను. ఇదీ చెడితే ఇక దారి లేదు. ఎండ, ఉక్క, పైగా నా మీద నాకే మంట.

పక్క సీట్లో ఒక అవ్వ నీళ్లు తాగి, మరచెంబు మూతను పెట్టి వెనక్కి తిప్పుతోంది. మూత బిగించడం కూడా రాదా అని చిరాకేసింది. "ఇట్లియ్యవ్వా" అని లాక్కుని గట్టిగా తిప్పాను. మూత వంకరగా పట్టేసింది.

ఆమె చెంబు తీసుకుని, మూతను సీటు కడ్డీకి తట్టి ఊడదీసింది.

"ఏమప్పా, అంత బిరీన యాడికి పోతాండావు? ముందు యెనక్కి తిప్పల్ల. టక్కుమని కూచుంటాది. అప్పుడు ముందుకు తిప్పు. బలమెందుకప్పా?"

ఒళ్ళు మండింది. ఈ మాట వారం ముందు చెప్పకుండా ఈమె ఎక్కడికి పోయినట్టు!

ఇంటికొచ్చి కొత్త మరలు వేశాక, ప్లగ్గును వేళ్ళతో వెనక్కి తిప్పాను. టక్కుమంది. తర్వాత వేళ్ళతోనే అడుగుదాకా దిగింది. చివరి పావుచుట్టుకు స్పానరు పట్టుకున్నానో లేదో, "బలమెందుకప్పా?" అని వినిపించి, నా పిడికిలి దానంతటదే సడలింది.