కుదురు మాత్ర

నా చిన్నప్పుడు నన్ను కుదురుగా కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాలేదు. ఊరిగాం బడిలో ఒక బెంచీ మీంచి ఇంకో బెంచీ మీదికి దూకేదాన్ని, పాఠం మధ్యలో అరిచేదాన్ని, పట్టుకోబోతే కొరికేదాన్ని. చివరికి మా టీచరమ్మ నాన్నను పిలిపించి, మందు వేసి దీన్ని అణచండి, లేదంటే బడి మాన్పించండి అని తేల్చేసింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. కాలు విరిగిన కుర్చీని వడ్రంగి దగ్గరికి పంపమన్నట్టు చెప్పింది మహాతల్లి!

మా నాన్న బంగారు గనుల ఆఫీసులో గుమాస్తా. గనులు సర్కారువి అయ్యాక చదువుకున్న పిల్లలకే ఉద్యోగాలని ఆయన నమ్మకం. బడి పోతే నా బతుకు పోయినట్టేనని భయం. ఆసుపత్రి డాక్టరు నన్ను ఒక్క మాటా అడగకుండా మాత్రలు రాసిచ్చాడు. అమ్మ వద్దంది. ఇంట్లో ఒకటే పోట్లాట. "బడి మాన్పించి దీన్ని ఏం చేస్తావు, చెప్పు!" అని నాన్న అరిస్తే, పాపం, అమ్మ ఒప్పుకోక తప్పలేదు.

మాత్ర పనిచేసింది. పొద్దున రాగి గంజితో మింగి, సాయంత్రం దాకా పెట్టినచోట ఉండేదాన్ని. నోరు ఎండిపోయేది, మాటలు ఎక్కడో దూరం నుంచి వినిపించేవి. టీచరమ్మ నన్ను తెగ మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మేముండేది గనుల పక్కనే, చాంపియన్ రీఫ్స్‌లో. భూమి లోపల ఒత్తిడికి రాయి పగిలితే పైన ఇళ్లు అదిరేవి. ఎయిర్ బ్లాస్ట్ అనేవాళ్లం. నేల అదిరిందంటే పిల్లలు బయటికి ఉరకాలి. నడక రాగానే మాకు నేర్పేది అదే. ఒక ఆదివారం మధ్యాహ్నం గట్టిగా అదిరింది. అరల మీది గిన్నెలు దబదబా పడ్డాయి. వీధి వీధంతా బయటికొచ్చింది. నేను గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాను. అన్నీ తెలుస్తూనే ఉన్నాయి, లేవాలని మాత్రం అనిపించలేదు. వాకిట్లో నేను కనబడక అమ్మ మళ్లీ లోపలికి వచ్చి, రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్లింది.

కొడుతుందనుకున్నాను. నా ముందు చతికిలబడి, "ఎందుకు రాలేదమ్మా? ఆ మాత్ర మింగితే నీకు ఎట్లుండాది? నువ్వు చెప్పు" అంది. అప్పటిదాకా ఆ మాట నన్ను అడిగినవాళ్లు లేరు.

"భయమే రాలేదమ్మా" అన్నాను.

పక్కనే ఉన్న నాన్న ముఖం పాలిపోయింది.

మర్నాడు ఇద్దరూ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అమ్మ నన్ను ముందుకు నెట్టి, "మింగేది ఇది. దీన్నే అడగండి సార్" అంది. ఆయన అడిగాడు, విన్నాడు, మాత్ర మాన్పించాడు. అటునుంచి అటే బడికి. "కదలని పిల్లోళ్లు కావల్లంటే బొమ్మలు తెచ్చి కూర్చోబెట్టుకో టీచరమ్మా! నా బిడ్డ ఈడనే చదువుతాది" అని అమ్మ విరుచుకుపడింది. ఈసారి నాన్న అమ్మ వైపే నిలబడ్డాడు. నేనేమీ బుద్ధిమంతురాలిని అయిపోలేదు. టీచరమ్మ గొణుక్కుంటూనే బోర్డు తుడవమనీ, నీళ్లు తెమ్మనీ నన్ను తిప్పేది. అలాగే చదువుకున్నాను.

ఇప్పుడు మందులు మారాయి. వాటితో తేరుకున్న పిల్లలనూ చూశాను. మందు మీద నాకు పగ లేదు. కానీ బిడ్డను ఎదురుగా పెట్టుకుని, వాడక్కడ లేనట్టే పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే ఆగలేను. మొన్న మా మనవడి విషయంలో కూతురూ అల్లుడూ డాక్టరు ముందు అదే పని చేశారు. "మాత్ర ఇస్తారో మానతారో మీ ఇష్టం. ముందు వాణ్ని అడిగి ఏడవండి!" అన్నాను. అందరూ బిత్తరపోయారు. తల దించుకుని కూర్చున్న మనవడు మెల్లగా నోరు విప్పాడు. వాడు చెప్పడం అయ్యేదాకా ఆ గదిలో ఇంకెవరినీ మాట్లాడనివ్వలేదు.