వాగు దాకా వెళ్లిన అనుమానం

ఫొటోలకు ఫ్రేములు కట్టే ఆయన ఏ ప్రకృతి దృశ్యాన్నీ ఊరికే నమ్మడు. కళ్లజోడు నుదుటిమీదికి తోసి, ఫొటోను ముక్కుకు ఆనించుకుని చూస్తాడు. ఆకులు మరీ ఎర్రగా ఉంటే "రంగు పూశారు" అని పెదవి విరుస్తాడు. సెలవొస్తే కొండలెక్కే కూతురు తీసుకొచ్చిన వాగు ఫొటోనూ అలాగే పక్కన పడేశాడు.

"ఇంత తేట నీళ్లు ఎక్కడా ఉండవు. ఇది కంప్యూటర్లో చేసిందే."

కూతురికి ఒళ్లు మండింది. "నా మాట కూడా నమ్మవా నాన్నా? అయితే పద, చూపిస్తా!"

ఆదివారం దుకాణం మూయించి, ఆయాసపడుతున్న తండ్రిని చెయ్యిపట్టి వాగు దాకా నడిపించింది. ఆయన వంగి నీళ్లలో చెయ్యి పెట్టి, జిల్లుమనగానే వెనక్కి లాక్కున్నాడు. కళ్లజోడు నుదుటిమీదికి తోసి, దోసిట్లో నీళ్లు ముక్కుదాకా తెచ్చుకుని చూశాడు.

"నీళ్లు నిజమేనమ్మా," అన్నాడు చివరికి. "కానీ పైనుంచి ఎవరో వదులుతున్నారు."

ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, అదెవరో తేల్చుకోవడానికి ఎగువకు నడక మొదలుపెట్టాడు.