పసుపు పూసిన బ్యాలెట్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ భూమ్మీద ఉండేది కాదు. ఇరవై దాటీ దాటని వయసు, నందిగామలో మా బావ కంప్యూటర్ షాపు, మెడలో తాడుకు వేలాడే పెన్‌డ్రైవు. సర్వజ్ఞుడికి ఇంకేం కావాలి? అందుకే జగ్గయ్యపేటలో లారీ ఓనర్ల సంఘంవాళ్లు తమ ఎన్నికకు ఓట్లు లెక్కపెట్టే స్కానర్ అద్దెకు అడిగితే, బిగించే పని నాదేనన్నాను. "తేడా వచ్చిందో, మళ్లీ జిరాక్సు బల్ల దగ్గరే నీ బతుకు" అన్నాడు బావ. (ఆ బల్ల దగ్గర ఫ్యాను తిరిగేది కాదు, తిరగాలా వద్దా అని ఆలోచించేది.)

మెషిను మా ఇంట్లో బీరువా అంత ఉండేది. (సరే, ట్రంకు పెట్టె అంత.) ప్రెసిడెంటు బ్యాలెట్ అరచేయంత, డైరెక్టర్ల బ్యాలెట్ పంచె అంత. నాలుగు మూలల్లో అచ్చేసిన నల్ల గుర్తుల్ని బట్టి ఏది పొట్టిదో ఏది పొడుగుదో మెషిను పోల్చుకోవాలి. ముందురోజు నమూనా కాగితాలతో రెండు సైజులూ నేర్పించాను. గటగటా మింగింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు, విజయయాత్ర చేశాను.

మర్నాడు పోలింగు ముగిసింది. జనమంతా చుట్టూ మూగారు. మొదటి బ్యాలెట్ పెట్టాను, ఉమ్మేసింది. రెండోదీ అంతే. పొట్టిదీ పొడుగుదీ తేడా లేకుండా ఉమ్ముతూనే ఉంది.

ప్రెసిడెంటు పదవికి పోటీ పడుతున్నవాళ్లు ఇద్దరు. అందులో డీజిల్ భాయ్ ముందు లేచాడు. "ఏందయ్యా, నా ఓట్లే తోసేస్తందే!"

"నాయి మాత్రం దాచుకుంటందా?" అన్నాడు రెండో అభ్యర్థి, మీసాల బాబాయ్. "అబ్బాయ్, ఇది కాయితాలు తినుద్దా, కక్కుద్దా?"

"కొంచెం వేడెక్కనివ్వండి బాబాయ్" అన్నాను. వేడెక్కుతున్నది నేను. ఒక బ్యాలెట్ తీసి చూస్తే ఏముంది, నాలుగు మూలలా దట్టంగా పసుపు! నల్ల గుర్తూ పసుపూ కలిసి మెషిను కంటికి ఒకటే మచ్చ.

"ఇదేంటండీ?"

"శుభమా అని ఎలక్షన్ పెట్టుకుని, మూలలకి పసుపు రాయకుండా పంచుతామా? పొద్దున్నే నేనే దగ్గరుండి ఒక్కోదానికీ రాయించా" అన్నాడు మీసాల బాబాయ్.

"నేనూ వద్దన్లా. మంచిదేగా" అన్నాడు భాయ్.

"చేత్తో లెక్కెట్టండెహె! ఆ డబ్బాని నందిగామ బస్సెక్కించండి" అని వెనక నుంచి ఎవరో అరిచారు. జిరాక్సు బల్ల కళ్ల ముందు నిలబడింది. "ఐదు నిమిషాలు" అన్నాను, ఆ ఐదు నిమిషాల్లో ఏం చేయబోతున్నానో తెలియకుండానే, కలెక్టరు గొంతుతో.

కనపడ్డ మీటలన్నీ నొక్కగా, రంగుల్ని వదిలేసి నలుపు మాత్రమే చూడమనే సెట్టింగు దొరికింది. పంచగా మిగిలిపోయిన పసుపు బ్యాలెట్లతోనే పొట్టీ పొడుగూ మళ్లీ నేర్పించాను. ఈసారి మింగింది! ఆ గటగట చప్పుడు అంత దూరాన ఉన్న ముక్త్యాల దాకా వినిపించి సిమెంటు లారీలు ఆగిపోయాయంటారు. (నేనే అంటాను.)

స్వల్ప తేడాతో భాయ్ గెలిచాడు. మీసాల బాబాయ్ నమ్మక చేత్తో మళ్లీ లెక్కపెట్టించాడు. అక్షరాలా అంతే. "పసుపు రాయించింది నేను, గెలిచింది నువ్వా భాయ్!" అంటూ ఆయనే మొదటి దండ వేశాడు. సంగతి బావకి ఫోన్లో చెప్పాను. "అయితే జిరాక్సు బల్లకి ఇంకో మనిషిని చూడాలన్నమాట" అన్నాడు.

ఇప్పుడు నాకూ ఒక షాపు ఉంది, ముక్కు మీద కళ్లజోడుంది. కొత్త మెషిను వస్తే దాంతో ఇచ్చిన పుస్తకం మొత్తం చదివితే గానీ ప్లగ్గు పెట్టను. ఆనాటి ఆ సర్వజ్ఞుడు ఈ రోజు వచ్చి ఉద్యోగం అడిగితే, ఒట్టు, ఇవ్వను. కాకపోతే వాడు వెళ్లిపోతుంటే గుమ్మం దాకా వచ్చి, సందు మలుపు తిరిగేవరకూ చూస్తూ నిలబడతాను.